ఊరి వాట్సాప్ గ్రూప్: బూతులకో నియమం, పర్సనల్ వివరాలకి ఇంకో నియమం

మీరు అడిగింది ఇదీ: ఊళ్లో ఉన్నవాళ్లు, హైదరాబాద్, బెంగళూరు వెళ్లినవాళ్లు, గల్ఫ్‌లో, అమెరికాలో స్థిరపడ్డవాళ్లు అందరూ కలిసిన గ్రూప్‌కి మీరు అడ్మిన్. ఎన్నికల వేడిలో రెండు వర్గాలు బూతులు తిట్టుకున్నాయి. అది చల్లారకముందే ఒకాయన కోపంలో అవతలి మనిషి భార్య ఫోన్ నంబరు గ్రూప్‌లో పెట్టేశాడు. ఆవిడకి తెలియని నంబర్ల నుంచి కాల్స్ వస్తున్నాయి. మీరు వాడకూడని మాటల లిస్టు ఒకటి రాయడం మొదలుపెట్టారు, ఇంకా ఏం చేర్చాలో చెప్పమన్నారు.

మా ఊరి గ్రూప్‌నీ, మా కాలేజీ పాత విద్యార్థుల గ్రూప్‌నీ చాలా ఏళ్లుగా చూసుకుంటున్నాను. ఆ అనుభవంతో చెబుతున్నాను, ఆ లిస్టు పక్కన పెట్టండి. మీ గ్రూప్‌లో జరిగినవి రెండు వేరు వేరు విషయాలు. బూతు మాట మనసు నొప్పిస్తుంది, కానీ తర్వాత క్షమాపణ చెప్పుకోవచ్చు, పెద్దలు కూర్చోబెట్టి మాట్లాడొచ్చు. ఫోన్ నంబరు ఒకసారి ఐదారొందల ఫోన్లలోకి వెళ్లాక దాన్ని ఎవరూ వెనక్కి తేలేరు. అందుకని మొదటిదానికి ఓపిక ఉన్న నియమం కావాలి, రెండోదానికి అసలు ఓపిక లేని నియమం కావాలి. రెండింటినీ కలిపి "సభ్యులు మర్యాద పాటించాలి" అని ఒక్క ముక్కలో రాస్తే ఏదీ అమలు కాదు.

ముందు బూతుల సంగతి. లిస్టు ఎందుకు పనికిరాదంటే, మనవాళ్లలో చాలామంది తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లోనే టైప్ చేస్తారు. ఒక్కో మాటకీ పది స్పెల్లింగులు. మధ్యలో చుక్క పెట్టినా, స్టార్ గుర్తు (*) పెట్టినా చదివేవాడికి అర్థమైపోతుంది. టెలిగ్రామ్‌లో అయితే మాటల్ని పట్టే బాట్ పెట్టుకోవచ్చు, వాట్సాప్‌లో అడ్మిన్‌కి అలాంటి ఫిల్టరే లేదు. పైగా ఊరి గ్రూపుల్లో ఘోరమైన తిట్లు రాతలో ఉండవు, రాత్రి పదకొండు దాటాక వచ్చే వాయిస్ మెసేజుల్లో ఉంటాయి. వాటిని ఏ లిస్టూ పట్టలేదు. ఇక ఒక్క చెడ్డ మాట కూడా లేకుండా మనిషిని నలుగురిలో కుళ్లబొడిచేవాళ్లు ఉంటారు కదా, వాళ్లకి మీ లిస్టు లైసెన్సు ఇచ్చినట్టే. "నేను వాడిన మాట లిస్టులో ఉందా? చూపించండి" అని మిమ్మల్నే నిలదీస్తారు.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఒక ప్రాంతంలో చనువుగా అనుకునేది ఇంకో ప్రాంతంలో తిట్టు. తెలంగాణ పల్లెల్లో పెద్దవాళ్లని కూడా ప్రేమగా "నువ్వు" అంటారు. కోస్తా నుంచి వచ్చిన అల్లుడికో కోడలికో అది వింతగా అనిపించొచ్చు, కానీ అందులో అమర్యాద ఏమీ లేదు. చిన్నప్పటి స్నేహితులు "రా", "బే" అనుకోవడం మామూలే. వాటి మీద అడ్మిన్ కర్ర పట్టుకుని కూర్చుంటే ఊరి గ్రూప్ ఆఫీసు మీటింగులా తయారై, నాలుగు నెలల్లో గుడ్ మార్నింగ్ ఫొటోలు తప్ప ఏమీ మిగలవు.

కాబట్టి మాటని చూడకండి, అది ఎవరి మీదకి వెళ్లిందో చూడండి. క్రికెట్‌లో ఆఖరి బంతికి ఓడిపోయినప్పుడు, కరెంటు పోయినప్పుడు నోరు జారితే పట్టించుకోనక్కర్లేదు. గ్రూప్‌లో ఉన్న మనిషిని ఉద్దేశించి తిడితే మెసేజ్ డిలీట్ చేసి, విడిగా మాట్లాడాలి. కులం పేరెత్తి, తల్లినీ చెల్లినీ భార్యనీ లాగి, మనిషి శరీరాన్నో అంగవైకల్యాన్నో ఎత్తిచూపి తిడితే మాత్రం హెచ్చరిక లేకుండా బయటికి పంపాలి. ఈ మూడోదానికి మినహాయింపు ఇవ్వకండి, సర్పంచ్ తమ్ముడైనా సరే, గుడి కట్టడానికి పెద్ద మొత్తం ఇచ్చిన దాత అయినా సరే.

కులం విషయం కొంచెం విడమరిచి చెప్పాలి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం, 1989లో సెక్షన్ 3(1)(ఆర్), 3(1)(ఎస్) అని ఉన్నాయి. నలుగురికీ తెలిసే చోట ఎస్సీ, ఎస్టీలకు చెందిన మనిషిని అవమానించాలని అవమానించినా, కులం పేరుతో తిట్టినా నేరం. ముందస్తు బెయిలు కూడా ఈ చట్టం కింద మామూలుగా దొరకదు. ఇంటర్నెట్‌లో చేసిన అవమానానికి కూడా ఈ చట్టం వర్తిస్తుందని కేరళ హైకోర్టు 2022లో చెప్పింది. స్త్రీ గౌరవాన్ని కించపరిచే మాటకి భారతీయ న్యాయ సంహితలో (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 79 కింద మూడేళ్ల వరకు జైలు ఉంది. ఈ విషయాలు గ్రూప్‌లో భయపెట్టే ధోరణిలో కాకుండా మామూలుగా ఒకసారి చెప్పండి. చాలామంది కుర్రాళ్లకి తాము సరదాగా వాడే సామెత ఒక కులాన్ని తొక్కేదని నిజంగానే తెలియదు. చెబితే మానేస్తారు. చెప్పినా మాననివాళ్లు వేరే రకం.

రాజకీయాల మాట. పూర్తిగా నిషేధించమని చాలామంది సలహా ఇస్తారు. ఊరి గ్రూప్‌లో అది కుదరదని నా అభిప్రాయం. రోడ్డు ఎందుకు వేయలేదు, పింఛను ఎందుకు ఆగింది, చెరువు మట్టి ఎవరు తవ్వుకుపోతున్నారు, ఇవన్నీ రాజకీయాలే. వాటిని ఆపితే గ్రూప్ ఉండి ఏం లాభం? నాయకుడి పనిని ఎంతైనా విమర్శించనివ్వండి, అతని ఇంటి ఆడవాళ్ల జోలికి వెళ్లనివ్వకండి. ఊరికి సంబంధం లేని పార్టీ వీడియోలు, మార్ఫింగ్ ఫొటోలు ఫార్వర్డ్ చేయడం ఆపించండి. గొడవల్లో ఎక్కువ శాతం వాటితోనే మొదలవడం నేను చూశాను, సొంతగా రాసిన నాలుగు వాక్యాలతో కాదు.

అమలు దగ్గరికి వస్తే, వాట్సాప్‌లో ఒక మనిషిని మాత్రమే కొన్ని గంటలు మాట్లాడకుండా ఆపే వీలు లేదు. టెలిగ్రామ్‌లో ఉంది. వాట్సాప్‌లో మీ చేతిలో ఉన్నవి మూడు: ఆ మెసేజ్‌ని అందరికీ కనిపించకుండా డిలీట్ చేయడం (2022 నుంచి అడ్మిన్‌కి ఈ వీలు ఇచ్చారు), మొత్తం గ్రూప్‌ని "అడ్మిన్లు మాత్రమే పంపగలరు" అని మార్చడం, మనిషిని తీసేయడం. రాత్రిపూట గొడవ ముదిరితే రెండోది వాడండి. గ్రూప్‌ని పొద్దుటిదాకా మూసేస్తే సగం కోపాలు నిద్రతో పోతాయి. ఎవరినీ గ్రూప్‌లో అందరిముందూ మందలించకండి. ఆ మనిషి తగ్గాలనుకున్నా అందరూ చూస్తున్నారని తగ్గలేడు. అతనికి దగ్గరివాళ్లు, బావో, బాబాయో, చిన్నప్పటి మాస్టారో ఫోన్ చేసి "ఏంట్రా అది, తీసెయ్" అంటే పని అయిపోతుంది. ఊరి గ్రూప్‌కి ఉన్న పెద్ద బలం ఇదే, దాన్ని వాడుకోండి.

ఇక రెండో విషయం. నన్నడిగితే మీ సమయంలో ముప్పాతిక భాగం దీనికే పెట్టాలి, ఎందుకంటే బూతులు అందరికీ కనిపిస్తాయి కాబట్టి ఎవరో ఒకరు అభ్యంతరం చెబుతారు. వ్యక్తిగత వివరాలు బయటపెట్టడం చాలాసార్లు సాయం రూపంలోనో, అభినందన రూపంలోనో వస్తుంది. ఎవరికీ తప్పనిపించదు.

కొన్ని చెబుతాను, మీ గ్రూప్‌లో ఇవి ఇప్పటికే జరిగి ఉంటాయి. ఒకరికి ఆపరేషన్, చందా కావాలి. సాయం అడిగేవాళ్లు ఆస్పత్రి రిపోర్టులు, ఆధార్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ అన్నీ ఫొటో తీసి పెట్టేస్తారు. మనిషికి ఏ జబ్బు ఉందో ఊరంతటికీ, రేపు సంబంధం చూడటానికి వచ్చేవాళ్లకి కూడా తెలిసిపోతుంది. ఇంకొకరు పెళ్లి సంబంధాల కోసం అమ్మాయి బయోడేటా, ఫొటో పెడతారు. పెట్టింది మేనమామ, అమ్మాయిని అడగలేదు. పదో తరగతి, ఇంటర్ ఫలితాలప్పుడు పిల్లల హాల్ టికెట్ నంబర్లు అడిగి గ్రూప్‌లో పెడతారు. ఆ నంబరు ఉంటే మార్కులు ఎవరైనా చూడొచ్చు, ఫెయిలైన పిల్లాడి పరిస్థితి ఆలోచించండి. "అమెరికాలో అబ్బాయి దగ్గరికి ఆరు నెలలు వెళ్తున్నాం" అని ఎయిర్‌పోర్టు ఫొటో పెడితే ఇల్లు తాళం వేసి ఉందని అందరికీ చెప్పినట్టే. యాక్సిడెంటు జరిగితే, ఇంట్లోవాళ్లకి కబురు అందేలోపే రక్తపు ఫొటోలు వచ్చేస్తాయి. సభ్యుల ఫొటోలతో స్టిక్కర్లు చేసి నవ్వుకోవడం ఇంకొకటి. సినిమా కమెడియన్ స్టిక్కర్ వేరు, మన పక్కింటి పెద్దాయన నిద్రపోతున్న ఫొటోని స్టిక్కర్ చేయడం వేరు.

వీటన్నిటికీ ఒకే నియమం సరిపోతుంది: వివరం ఎవరిదో వాళ్లు ఒప్పుకోవాలి. పెట్టేవాడి ఉద్దేశం మంచిదా చెడ్డదా అన్నది లెక్కలోకి రాదు. బంధువు ఒప్పుకుంటే చాలదు, భర్త ఒప్పుకుంటే భార్య ఒప్పుకున్నట్టు కాదు. పిల్లల విషయంలో తల్లిదండ్రుల అనుమతి కావాలి, ఎదిగిన పిల్లలైతే వాళ్లనీ అడగాలి.

రెండు సందర్భాల్లో మాత్రం ఇది ప్రాణాల మీదికి వచ్చే విషయం. ఒకటి, "దొంగలు", "పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు" అంటూ ముక్కూమొహం తెలియని మనిషి ఫొటోనో సీసీ కెమెరా వీడియోనో పెట్టడం. 2018 మే నెలలో ఇలాంటి పుకార్లతోనే తెలంగాణ, ఆంధ్ర జిల్లాల్లో అమాయకుల మీద దాడులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. దేశంలో చాలాచోట్ల అలాంటి హత్యలు జరిగాకే, ఆ ఏడాది జులైలో వాట్సాప్ మన దేశంలో ఒక మెసేజ్‌ని ఒకేసారి ఐదు చాట్‌లకి మించి ఫార్వర్డ్ చేయకుండా పరిమితి పెట్టింది. అలాంటి వీడియో వస్తే పోలీసులకి ఇవ్వమనండి, గ్రూప్‌లో ఉంచకండి. రెండోది, ఇష్టపడి ఇల్లు వదిలి వెళ్లిన జంట ఫొటో పెట్టి "ఎక్కడ కనిపించినా చెప్పండి" అనడం. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో పట్టపగలు ఆస్పత్రి బయట, వేరే కులం అమ్మాయిని పెళ్లి చేసుకున్న ప్రణయ్‌ని ఎలా చంపారో మనందరికీ తెలుసు. అది ఏ గ్రూప్ వల్లా జరిగింది కాదు. కానీ వేరే కులంలో పెళ్లి చేసుకున్నవాళ్లు ఎక్కడున్నారన్న సమాచారం మన దగ్గర ఎంత ప్రమాదకరమో అది చూశాక కూడా మనం గ్రూప్‌లో వెతుకులాట నడిపిస్తే అది క్షమించరానిది. మేజర్లయిన జంట ఆచూకీ అడిగే మెసేజ్ కనిపిస్తే వెంటనే తీసేయండి, ఎవరు అడిగినా సరే.

అత్యాచార బాధితుల పేరు, ఫొటో, గుర్తుపట్టగల వివరం ఏదీ పెట్టకూడదు. న్యాయ సంహిత సెక్షన్ 72 కింద రెండేళ్ల వరకు జైలు ఉంది. సానుభూతితో పెట్టినా నేరమే. 2019 నవంబరులో హైదరాబాద్ శివార్లలో జరిగిన ఘోరంలో ఆ అమ్మాయి అసలు పేరు, ఫొటో కొవ్వొత్తుల బొమ్మలతో సహా దేశమంతా తిరిగాయి. చివరికి పోలీసులు "దిశ" అని పిలవమని కోరాల్సి వచ్చింది. ఫార్వర్డ్ చేసినవాళ్లు అందరూ ఆమె వైపువాళ్లే.

గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం 2017 ఆగస్టు 24న చెప్పింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా వచ్చింది, కానీ మనుషులు సొంతానికీ ఇంటి అవసరాలకీ వాడుకునే వివరాలని ఆ చట్టం తన పరిధిలోంచి వదిలేసింది. కాబట్టి ప్రతిదానికీ చట్టం వచ్చి కాపాడుతుందని ఎదురుచూడకుండా గ్రూప్ నియమం గట్టిగా పెట్టుకోవాలి.

వివరాలు బయటపడిన మొదటి అరగంటలో ఏం చేస్తారన్నదే ముఖ్యం. మెసేజ్, పంపిన నంబరు, టైమ్ కనిపించేలా ఒక స్క్రీన్‌షాట్ తీయండి. అది బాధపడ్డ మనిషికి మాత్రమే ఇవ్వడానికి. తర్వాత మెసేజ్ డిలీట్ చేయండి. పెట్టినవాణ్ని ఎందుకు పెట్టావని అడగడం ఆ తర్వాత. గ్రూప్‌లో "ఒకరి వ్యక్తిగత వివరం పొరపాటున వచ్చింది, తీసేశాం, సేవ్ చేసినవాళ్లు దయచేసి తీసేయండి" అని రాయండి. ఎవరి వివరం, ఏ వివరం అని మళ్లీ చెప్పకండి. మీరు డిలీట్ చేసినా అప్పటికే గ్యాలరీలోకి చేరింది, వేరే గ్రూప్‌కి వెళ్లింది అలాగే ఉంటాయి కాబట్టి ఆ మాట అడగడం తప్పనిసరి. వెంటనే బాధపడ్డ మనిషికి ఫోన్ చేసి జరిగింది చెప్పండి. ఆవిడకి వేరేవాళ్ల నోట తెలియకూడదు. ఆడవాళ్ల విషయమైతే మహిళా అడ్మిన్ ఫోన్ చేస్తే మంచిది. ఫిర్యాదు చేయాలా వద్దా అన్నది ఆవిడ నిర్ణయం. "ఊరి పరువు" అని ఎవరూ ఒత్తిడి చేయకూడదు. వేధింపు కాల్స్ వస్తుంటే కాల్ లిస్టు చెరపవద్దని చెప్పండి. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే ఫిర్యాదు ఇవ్వొచ్చు, తెలంగాణలో షీ టీమ్స్ ఉన్నాయి, అత్యవసరమైతే రెండు రాష్ట్రాల్లోనూ 112.

చందాల విషయంలో ఒక పద్ధతి పెట్టుకోండి, మాకు బాగా పనికొచ్చింది. రిపోర్టులు ఇద్దరు పెద్దమనుషులు చూస్తారు, గ్రూప్‌లో "మేం చూశాం, నిజమే, ఇంత ఖర్చవుతుంది" అని మాత్రం చెబుతారు. జబ్బు పేరు కూడా అక్కర్లేదు. ఆధార్ అడిగితే మొదటి ఎనిమిది అంకెలు కనిపించని మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వొచ్చు. డబ్బు చేరాక "రక్తం కావాలి", "సాయం కావాలి" మెసేజుల్ని తీసేయండి. ఏళ్ల తరబడి తిరిగే అలాంటి ఫార్వర్డ్‌ల వల్ల ఆ నంబరు ఉన్నవాళ్లు పడే బాధ నేను దగ్గరగా చూశాను.

సెట్టింగుల్లో కొన్ని మార్చండి. కొత్త సభ్యుల్ని అడ్మిన్ ఒప్పుకుంటేనే చేర్చుకోవాలి. ఇన్వైట్ లింక్ ఎక్కడెక్కడో తిరిగి ఉంటే రీసెట్ చేయండి. అడ్వాన్స్‌డ్ చాట్ ప్రైవసీ ఆన్ చేస్తే చాట్ మొత్తాన్ని ఎక్స్‌పోర్ట్ చేయడం, ఫొటోలు వాటంతటవే ఫోన్లోకి దిగడం ఆగుతాయి. స్క్రీన్‌షాట్లు మాత్రం ఆగవు, ఆ భ్రమలో ఉండకండి. వాట్సాప్ గ్రూప్‌లో చేరితే మన నంబరు అందరికీ కనిపిస్తుంది. నంబరు కనిపించడం ఇష్టం లేని ఆడవాళ్ల కోసం వాట్సాప్‌లోనే కమ్యూనిటీ (కొన్ని గ్రూపుల్ని ఒకే గొడుగు కిందికి తెచ్చే ఏర్పాటు) పెట్టుకోవచ్చు, అందులో అనౌన్స్‌మెంట్ల గ్రూప్‌లో మామూలు సభ్యుల నంబర్లు మిగతా సభ్యులకి కనిపించవు. టెలిగ్రామ్‌లో అయితే ఎవరి నంబరు వాళ్లే దాచుకోవచ్చు.

అడ్మిన్‌గా మీ భయం ఒకటి తీర్చాలి. సభ్యుడు పెట్టిన మెసేజ్‌కి, ముందే కలిసి అనుకుని చేస్తే తప్ప అడ్మిన్ నేరస్థుడు కాడని బాంబే హైకోర్టు నాగ్‌పూర్ బెంచ్ 2021లో చెప్పింది. కేరళ హైకోర్టు 2022లో అలాంటి తీర్పే ఇచ్చింది. అయినా మీరొక్కరే అన్నీ మోయకండి. రెండు వర్గాల నుంచీ ఒక్కొక్కరు, ఆడవాళ్లు ఇద్దరు అడ్మిన్లుగా ఉండాలి. మీకు విడిగా వచ్చిన ఫిర్యాదు ఎవరు ఇచ్చారో ఎప్పటికీ బయటపెట్టకండి, "ఫలానావాళ్లు బాధపడ్డారు" అని కూడా అనకండి. ఒక్కసారి పేరు బయటికి వస్తే ఇక మీకు ఏ ఆడమనిషీ ఏదీ చెప్పదు.

నియమం రాయాలంటే ఇంత చాలు, కావాలంటే ఇదే వాడుకోండి:

"ఈ గ్రూప్‌లో వాదించుకోవచ్చు, మనుషుల్ని తిట్టకూడదు. కులం, మతం, ఇంటి ఆడవాళ్లు, శరీరం, వైకల్యం మీద మాట అంటే హెచ్చరిక లేకుండా తీసేస్తాం. మిగతా తిట్లు డిలీట్ చేసి, విడిగా చెబుతాం, మళ్లీ చేస్తే నెల రోజులు బయట. ఇంకొకరి నంబరు, ఫొటో, అడ్రసు, జబ్బు, మార్కులు, పత్రాలు, ఆచూకీ, విడిగా చేసిన చాట్ వాళ్లని అడగకుండా పెట్టకూడదు. పెడితే ముందు డిలీట్ చేస్తాం, తర్వాతే మాట్లాడతాం. మీ వివరం ఏదైనా ఇక్కడ కనిపిస్తే ఏ అడ్మిన్‌కైనా చెప్పండి, కారణం చెప్పక్కర్లేదు. ఈ నియమాలు అడ్మిన్లకీ వర్తిస్తాయి."

దీన్ని పిన్ చేయండి. వాట్సాప్‌లో పిన్ ఎక్కువలో ఎక్కువ 30 రోజులే ఉంటుంది కాబట్టి నెలకోసారి మళ్లీ చేయాలి. తెలుగు చదవడం రాని పిల్లలూ, చూపు ఆనని పెద్దలూ ఉంటారు, అందుకని ఇదే మాట ఒక వాయిస్ మెసేజ్‌గా కూడా పెట్టండి.

చివరగా, నంబరు పెట్టిన ఆ మనిషి సంగతి. కొత్త నియమం రాకముందు చేశాడు కదా, వదిలేద్దాం అని కొందరు మీతో అంటారు. వదలకండి. అది తప్పని తెలుసుకోవడానికి ఎవరికీ నియమం అవసరం లేదు. అతన్ని బయటికి పంపండి, అతను ఫార్వర్డ్ చేసిన చోటల్లా తీయించమనండి. మళ్లీ చేర్చుకోవడం ఆవిడ సరేనంటేనే. ఆవిడ భర్త రాజీపడ్డాడని, పెద్దలు చెప్పారని చేర్చుకోవద్దు. ఆవిడని అడగడానికి కూడా మహిళా అడ్మినే వెళ్లాలి. వద్దంటే ఎందుకు వద్దని మళ్లీ అడగకూడదు.